ఆ కార్డు నాదే

ఆ రోజు గోతాల కొట్టు ముందు బండి ఆపి దిగిన ఇద్దరు మనుషులు వచ్చింది నా క్రెడిట్ కార్డు అప్పు కోసం. నేను అక్కడే ఉన్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. ఆ కార్డు నాదని చెప్పలేదు. మర్నాడు ఇంకొకాయన నన్నే సూటిగా అడిగాడు. అప్పుడూ చెప్పలేదు. ఆ రెండుసార్లు నేను నోరు మూసుకోవడం వల్ల ఒక మనిషికి గుంటూరులో కొట్టు లేకుండా పోయింది. ఆ మనిషి నాకు బావ వరస. చుట్టరికం లేదు, పిలుపే.

నేను మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన గోతాలు, దింపించడం, కాటా వేయించడం, వేలం అయ్యాక అమ్మకం లెక్క పట్టీ రాసి రైతు చేతికి డబ్బు అందించడం నా పని. ఇరవై ఏళ్ళు దాటింది. యార్డు వెనక సందులో బావది గోతాల కొట్టు. రైస్ మిల్లుల నుంచి పాత గోతాలు తెప్పించి, ఆడవాళ్ళ చేత చిరుగులు కుట్టించి, సీజనులో రైతులకీ మా కొట్లకీ అమ్మేవాడు. వాళ్ళు ముస్లింలు. వాళ్ళ ఊరూ మా ఊరూ సత్తెనపల్లి దగ్గర పక్కపక్కనే. ఇద్దరం ఒకే ఏడాది గుంటూరు చేరాం. యార్డులో అందరూ అతన్ని భాయ్ అనేవాళ్ళు. నేను బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. అతని భార్య నాకు చెల్లెమ్మ.

నా భార్య జబ్బు చేసి పోయాక నాకు మధ్యాహ్నం అన్నం ఆ ఇంటి నుంచే వచ్చేది. పిల్లలు లేరు నాకు. పన్నెండున్నరకి బావ క్యారేజీ పట్టుకొచ్చి మా కొట్టు గుమ్మంలో పెట్టి, లోపలున్న రైతులందరికీ వినపడేట్టు అరిచేవాడు. "మీ చెల్లి గోంగూర చేసింది బావా. తిన్నాక గిన్నె కడిగి పంపు. పోయినసారిలా నాకి పంపకు." రైతులు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. రోజు మొత్తంలో నవ్వేది ఆ కాసేపే.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. నా కార్డు అప్పు సంగతి తెలిసినవాళ్ళలో చాలామంది అది నా భార్య ఆసుపత్రి ఖర్చు వల్ల అయిందనుకుంటారు. వాళ్ళు అలా అనుకుంటుంటే నేను కాదనలేదు, ఆ అబద్ధం నీడలో చల్లగా ఉండేది. నిజానికి ఆసుపత్రి బాకీ ఊళ్ళో ఉన్న అర ఎకరం అమ్మి అప్పుడే తీర్చేశాను. కార్డు అప్పు ఆ తర్వాతది. ఆశకి పోయి చేసింది.

ఆ ఏడాది మిర్చి ధర పడింది. మళ్ళీ లేస్తుందని యార్డులో అందరి నోటా అదే మాట. ఒక ఫోన్ల కొట్లో ఫోన్లు కొన్నట్టు కార్డు గీకించి, కొట్టువాడి కమీషను వాడికి ఇచ్చి, రెండు లక్షల దాకా రొక్కం చేతికి తెచ్చుకున్నాను. దానితో ముప్పై టిక్కీలు కొని ఏసీలో పెట్టాను. కోల్డ్ స్టోరేజీని మేం ఏసీ అంటాం. అక్కడ మిర్చి రంగు పోదు, ఘాటు పోదు. అద్దె కట్టుకుంటూ కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు ధర వస్తుంది. మా యార్డు మనిషికి తెలిసిన విద్య అదొక్కటే, ఆగడం.

ఆ విద్యనే కార్డు మీద కూడా వాడాను. నెలనెలా కాగితం మీద అడుగున ఒక చిన్న అంకె ఉండేది, కనీసం ఇంత కట్టమని. దాన్ని నేను ఏసీ అద్దెలాంటిది అనుకున్నాను. అది కడుతుంటే సరుకు భద్రంగా ఉన్నట్టే అప్పూ ఉన్నచోటే ఉంటుందని. ఊళ్ళో ఎవరైనా రెండు రూపాయల వడ్డీ అంటే మొహం చిట్లించే మనిషిని, కార్డు మీద మూడున్నర రూపాయల వడ్డీ నడుస్తోందని ఏడాది పాటు లెక్క వేసుకోలేదు. పట్టీల్లో పైసా తేడా రానివ్వని గుమస్తాను నేను. ధర రాలేదు. మిర్చి మాత్రం చెక్కుచెదరకుండా ఏసీలో ఉంది. అప్పు పెరిగింది. ఇంకో కార్డు తీసుకుని దానితో మొదటి దానికి కట్టాను. కొన్నాళ్ళు ఊపిరి ఆడింది. తర్వాత రెండూ ఆగిపోయాయి.

కార్డు తీసుకున్నప్పుడు ఉత్తరాలకి ఏ చిరునామా ఇవ్వాలని అడిగారు. నేను అద్దె గదులు మారుస్తుంటాను. మా కొట్టు చిరునామా ఇస్తే యజమాని చూస్తాడు. అందుకని బావ కొట్టు చిరునామా, నా నంబరుతో పాటు రిఫరెన్సుగా బావ ఫోను నంబరూ ఇచ్చాను. అడిగి ఇవ్వలేదు. ఉత్తరాలు రావడం మొదలయ్యాక అతను కవర్లు విప్పకుండా తెచ్చిచ్చేవాడు.

"ఏంటి బావా ఇన్ని ఉత్తరాలు? ఎవరైనా ప్రేమించిందా ఏంటి ఈ వయసులో?"

"బ్యాంకుది బావా. ఏసీ మిర్చి అమ్మంగానే తీరిపోద్ది."

"నీ మిర్చికి అక్కడ చలి వేస్తోందేమో. దుప్పటి పంపమంటావా?"

అంతకంటే ఎక్కువ అడగలేదు. అడగకపోవడం అతని మర్యాద.

జనవరి చివర, సీజనుకి ముందు, ఆ ఇద్దరూ వచ్చారు. పొద్దున పదకొండవుతోంది. కొట్టు ముందు పట్టా పరుచుకుని నలుగురు ఆడవాళ్ళు దబ్బనాలతో గోతాలు కుడుతున్నారు. పక్క కొట్ల గుమస్తాలు ఇద్దరు టీకి వచ్చి ఉన్నారు. గోతాల బ్రోకరు పెద్దాయన బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మిల్లుల నుంచి లారీల కొద్దీ పాత గోతాలు ఈ సందుకి పంపేది ఆయనే.

వచ్చినవాళ్ళలో ఒకడు బోర్డు చూసి, ఫోను చూసుకుని, గట్టిగా అడిగాడు. "ఈ అడ్రసు మీద కార్డు బాకీ ఉంది. మూడు నెలల నుంచి ఫోన్లు ఎత్తట్లేదు. ఓనరు ఎవరండీ?"

"నేనే," అన్నాడు బావ.

"కట్టే ఉద్దేశం ఉందా లేదా? కార్డు తీసుకునేటప్పుడు బాగానే..."

బావ నా వంక చూశాడు. రెండోవాడు కాగితం తీసి పేరు చదవబోయాడు. బావ లేచి అతని భుజం మీద చెయ్యి వేసి, "పదండి, లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అని ఇద్దర్నీ కొట్టు లోపలికి తీసుకెళ్ళాడు. అందరి ముందూ నా పేరు బయటికి రాకుండా చేశాడు. వెనకే నేను వస్తాననుకున్నాడు.

నేను వెళ్ళలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "కాటాకి టైమైంది," అని ఎవరూ అడక్కుండానే చెప్పి, మా కొట్టు వైపు నడిచాను. రైతుల డబ్బు నా చేతుల మీదుగా పోతుంది. ఈ గుమస్తా పీకల దాకా అప్పుల్లో ఉన్నాడని యజమానికి తెలిస్తే ఆ సాయంత్రమే తాళాలు తీసుకుంటాడు. ఆ భయమే. దానికి ఇంకో పేరు పెట్టను.

మర్నాడు బ్రోకరు పెద్దాయన మా కొట్టుకి వచ్చాడు. మా సందులో ఒక పద్ధతి ఉంది. గోతాల లారీ పంపేటప్పుడు కాగితం ఉండదు, సంతకం ఉండదు. సీజను అయ్యాక డబ్బు. పంపే ముందు బ్రోకరు ఆ మనిషికి దగ్గరివాళ్ళని ఒకమాట అడుగుతాడు, మనిషెలా ఉన్నాడని. "బంగారం" అంటే లారీ వస్తుంది. అంతే. ఏళ్ళ తరబడి బావ గురించి ఆ ప్రశ్న ఆయన నన్నే అడిగేవాడు. ఏళ్ళ తరబడి నేను బంగారం అనే చెప్పాను.

"ఏమయ్యా, నీ బావ కార్డుల్లో పడ్డాడంటగా? నిన్న చూశాంగా. మనిషెలా ఉన్నాడు?"

పట్టీ రాస్తున్న కలం ఆపలేదు నేను. "ఏమోనండీ," అన్నాను. "నాకూ సరిగ్గా తెలీదు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ సీజనులో బావ కొట్టుకి లారీ రాలేదు.

బావ రొక్కం పెట్టి కొన్ని గోతాలు తెచ్చాడు. అవి పది రోజులకి కూడా సరిపోలేదు. మిర్చి కుప్పలుగా వచ్చే ఫిబ్రవరిలో రైతులు వచ్చి, ఖాళీ కొట్టు చూసి, పక్కసందుకి పోయారు. కుట్టే ఆడవాళ్ళూ అటే పోయారు. ఒకరోజు అతను నన్ను నేరుగా అడిగాడు. "బావా, పెద్దాయన నిన్ను అడిగాడా?"

"అడగలేదు."

అది మూడో అబద్ధం. అతను నమ్మలేదని కళ్ళలో తెలిసింది. మర్నాటి నుంచి క్యారేజీ రాలేదు. ఎండాకాలం సెలవులకి యార్డు మూసేనాటికి కొట్టు ఖాళీ చేసి, అత్తగారి ఊరు వినుకొండ వెళ్ళిపోయాడు. వెళ్తూ నాతో చెప్పలేదు. నేను బస్టాండుకి వెళ్ళలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పనికి వెళ్ళేవాణ్ణి, గదికి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం హోటలు ప్లేటు భోజనం గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. ఆదివారం యార్డుకి సెలవు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా మాట్లాడే పని ఉండదు. సోమవారం మొదటి రైతుని పలకరించబోతే గొంతు జీరగా వచ్చేది. మిర్చి ఘాటుకి యార్డులో అందరికీ దగ్గు కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

నా ఫోను మాత్రం మోగేది. బ్యాంకు తరఫున రోజూ ఎవరో ఒకరు చేసేవారు. తిట్టేవాళ్ళూ ఉన్నారు, బెదిరించేవాళ్ళూ ఉన్నారు. ఒక అమ్మాయి మాత్రం పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలిచేది. నన్ను పేరుతో పిలిచే గొంతు అదొక్కటే మిగిలింది. సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి, ఆమె ఫోను కోసం ఎదురుచూసిన రోజులున్నాయి. ఒకసారి, "మీ ఇబ్బంది ఏంటో చెప్పండి సార్," అంది. అలా అడగమని వాళ్ళకి నేర్పుతారని తెలుసు. అయినా మొదలుపెట్టాను. మిర్చి, ఏసీ, గోతాల కొట్టు, బావ, అన్నీ. చాలాసేపు విన్నది.

"సార్, ఈ కాల్ రికార్డు అవుతుంది సార్."

"అవనీ అమ్మా."

"ఆయన నంబరు కూడా మా దగ్గర ఉంది సార్. రిఫరెన్సు కింద. ఇంకా కాల్స్ వెళ్తున్నాయి ఆయనకి."

 కొట్టు పోయింది, ఊరు మారాడు, అయినా నా బాకీ వినుకొండ దాకా వెళ్ళి అతన్ని పిలుస్తూనే ఉంది. అతను ఒక్కసారి కూడా నాకు ఫోను చేసి తిట్టలేదు.

"ఆ నంబరు తీసేయాలంటే ఏం చేయాలమ్మా?"

"ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పెట్టండి సార్. అప్పు లేనివాళ్ళని అడగకూడదు. అలాగే మీ పరిస్థితి కూడా రాయండి. ఫోన్లో చెప్తే మీకేమీ మిగలదు సార్."

ఆ రాత్రే ఉత్తరం రాశాను. రెండేళ్ళలో నేను చేసిన మొదటి సరైన పని అది, అదీ ఒక పరాయి అమ్మాయి చెబితే.

ఆ తర్వాతది అప్పుల్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. ముందు ఏసీలో మిర్చి అమ్మేశాను. అన్నేళ్ళ అద్దె పోను చేతికొచ్చింది పెట్టిన దానిలో సగం కంటే తక్కువ. ఆ రోజు నష్టపోయానని ఏడవలేదు, ఆగడం ఆపినందుకు హాయిగా ఉంది. ఆ డబ్బుతో రెండో కార్డు మొత్తం కట్టి, ముక్కలు చేసి, బాకీ లేదని కాగితం తీసుకున్నాను. పెద్ద బాకీకి బ్యాంకు రెండు దారులు చూపింది. మొత్తాన్ని తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చుకుని నాలుగేళ్ళు కట్టడం ఒకటి. కొంత తగ్గించి ఒకేసారి కట్టేసి తెంచుకోవడం ఇంకొకటి. రెండోదాంట్లో మన అప్పుల చరిత్రలో సెటిల్ అయిందని రాస్తారు, పూర్తిగా కట్టాడని రాయరు. కొన్నేళ్ళు ఎవరూ అప్పు ఇవ్వరు. నాకు ఇంకెవరూ అప్పు ఇవ్వక్కర్లేదు, రెండోదే పట్టుకున్నాను. ఇంకో యాప్‌లో అప్పు తెచ్చి దీన్ని తీర్చమని ఒకతను సలహా ఇచ్చాడు, అటు పోలేదు. బండి అమ్మాను. ఇంకొంత మా అక్క దగ్గర అడిగాను. ఆమె ఇచ్చేముందు ఒకటే అంది, "ఏరా, ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" లోక్ అదాలత్‌లో బ్యాంకు మనిషి ఎదురుగా కూర్చుని, రాయించుకుని, సంతకం చేసి కట్టాను. నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా కట్టకూడదని అప్పటికి తెలిసింది.

అప్పు తీరిన రోజు గదికి వస్తే, చెప్పడానికి ఎవరూ లేరు.

ఆ ఆదివారం వినుకొండ బస్సెక్కాను. బజారు చివర చిన్న కొట్టు. రైతులు మిర్చి కళ్ళాల మీద కప్పే పట్టాలు అమ్ముతున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. చెల్లెమ్మ లోపలినుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, "తాగండి అన్నయ్యా," అని ఇచ్చి, ఆగకుండా వెళ్ళిపోయింది. ఒకప్పుడు నన్ను నువ్వు అనేది.

నేను గబగబా చెప్పాను. ఏసీ సంగతి, కట్టిన సంగతి, అతని నంబరు తీయించిన సంగతి. జేబులోంచి కవరు తీశాను. అతను పోగొట్టుకున్న సీజనుకి ఇరవై వేలు. చివర, "ఏమనుకోకు బావా," అన్నాను. మా వైపు మగవాళ్ళం ఎంత పెద్ద తప్పు చేసినా అనే మాట అదే. దాంతో అంతా సర్దుకుపోవాలి.

"ఏమనుకోవాలో నువ్వే చెప్పు," అన్నాడు.

నేను కవరు అతని చేతి దగ్గర పెట్టాను.

"కవరు లోపల పెట్టుకో. నాకు పోయింది డబ్బు కాదు. పెద్దాయన నిన్ను అడిగాడని అప్పుడే తెలుసు నాకు. ఆయనే చెప్పాడు, నీ బావే తెలీదన్నాడయ్యా, ఇంక నేనేం నమ్మనని. ఆ ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళింది ఎందుకనుకున్నావు? నువ్వు వచ్చి నీ అంతట నువ్వు చెబుతావని. పావుగంట కూర్చోబెట్టాను వాళ్ళని." పట్టా మడత పెడుతూ ఆగాడు. "ఇప్పుడు నాకొచ్చి చెబుతున్నావు. నాకు తెలీందేముంది ఇందులో?"

"యార్డులో చెబుతాను. నువ్వూ రా."

"నేను రాను. దగ్గర నిలబడి చెప్పించుకున్నట్టుంటుంది."

సోమవారం వేలం మొదలవ్వకముందే సందులోకి వెళ్ళాను. బల్ల మీద పెద్దాయన ఉన్నాడు. గుమస్తాలున్నారు, కుట్టే ఆడవాళ్ళున్నారు. నిలబడి చెప్పాను. చాలా పాడుగా చెప్పాను. మధ్యలో దగ్గు వచ్చింది. ఒకతను, "రెండేళ్ళ కిందటిది ఇప్పుడెందుకన్నా?" అన్నాడు. కుడుతున్న ఒక ముసలామె దబ్బనం ఆపి, "ఆ సాయిబు మాకు వారం కూలి ఏనాడూ ఆపలేదు. ఆయన్నా నువ్వు ముంచింది?" అంది. పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేను నిన్ను అడిగాను. నువ్వు ఏమో అన్నావు."

"అన్నానండీ. తెలిసే అన్నాను. అప్పు నాది."

"నీ ఏమో విని నేను ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషిని వదులుకున్నాను," అన్నాడాయన. "ఇక మీదట నిన్నెవరి గురించీ అడగను, పో."

మధ్యాహ్నానికి మా యజమానికి తెలిసింది. ఉద్యోగం తీసేయలేదు. డబ్బు పెట్టె తాళాలు తీసుకుని, గేటు దగ్గర లారీలు రాసుకునే పనిలో వేశాడు. జీతం తగ్గింది. అది న్యాయమే.

తర్వాతి ఆదివారం మళ్ళీ వినుకొండ వెళ్ళాను. పెద్దాయన అతనికి ఫోను చేశాడట. ఏం మాట్లాడుకున్నారో బావ చెప్పలేదు, నేను అడగలేదు. గుంటూరు తిరిగి వస్తాడో రాడో నాకు తెలీదు. ఈసారి కవరు తీసుకెళ్ళలేదు. కొట్టు లోపలికి వెళ్ళలేదు. మెట్టు కింద నిలబడ్డాను. చెల్లెమ్మ కూడా గుమ్మంలోకి వచ్చింది.

"తప్పు చేశాను బావా," అన్నాను. "భయపడి చేశాను, కానీ తెలిసి చేశాను. నువ్వు నా పేరు దాచావు, నేను నీ పేరు పోనిచ్చాను. నువ్వు మళ్ళీ బావా అని పిలవకపోయినా సరే. మీ ఇద్దరికీ అన్యాయం చేశాను. నన్ను క్షమించండి."